రెండో వైపు, మూడో పాట తర్వాత

జపాన్‌లో నోతో తీరాన చేపలు ఎండబెట్టుకునే పల్లెలో పుట్టి, పదిహేనో ఏట బడి ముగించి, చంకన ఒక్క సంచీతో త్సురుమి ఊళ్లోని పాటల రికార్డుల ఫ్యాక్టరీకి వచ్చిన మనిషి కజియామా మిసావో. పెద్ద చదువు లేదు, చెవులున్నాయి. అచ్చయిన రికార్డులు విని లోపాలు పట్టే పని. ముప్పై ఎనిమిదేళ్ల కొలువులో ఆమె ఎర్ర ముద్ర వేసి పంపిన రికార్డు ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. గోడవతల తిరుగుతున్న రికార్డు విని, "ఇది నాలుగో ప్రెస్సుది. అచ్చు అంచున దుమ్ముంది, చూడండి" అనేది. వెళ్లి చూస్తే దుమ్ము ఉండేది. మూడుసార్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. మూడూ ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంది. పెట్టుకోదా మరి!

1980 వేసవిలో "గాజు రేవు" వచ్చింది. ఇద్దరు మగవాళ్లు, ఒకావిడ, సింథసైజర్ పెట్టెలు ముందేసుకుని చేసిన ఆల్బం. మొదటి రికార్డు వినగానే మిసావో ప్రెస్సు ఆపించేసింది. రెండు గంటలు ఫ్యాక్టరీ నిలిచిపోయింది. పాటల కంపెనీ మనిషి చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఆ చిటపటలు లోపం కాదు. పాటే అది!"

"అయితే మా అమ్మ పెనం మీద చేప కూడా పాడేదన్నమాట."

చెక్క గోడకు అవతలి గదిలో, తనలాగే రికార్డులు వినే ఫుసా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ చేపకూ ముద్ర వేసి పంపించేవే!"

మిసావో ఊరుకోలేదు. వారం రోజులు విని, పాటలో కావాలని పెట్టిన చప్పుళ్లన్నీ కాగితం మీద రాసింది. నలభై ఒకటి తేలాయి. ఆ ఆల్బంలో ఏది పాటో ఏది లోపమో చెప్పగలిగినవాళ్లు దేశం మొత్తం మీద మిసావో, ఫుసా ఇద్దరే.

ఫుసాకు ఒక అలవాటుండేది. పాటకూ పాటకూ మధ్య ఖాళీలో ఊపిరి బిగబట్టి వినేది. పాట మొదలయ్యాకే వదిలేది. "అలా బిగబడితే ఒకరోజు పోతావే" అని మిసావో తిట్టేది. నవంబరులో ఒక మధ్యాహ్నం, "గాజు రేవు" రెండో వైపు వింటూ ఉండగా ఫుసా గుండె ఆగిపోయింది. తలుపు తీసేసరికి హెడ్‌ఫోను చెవులకే ఉంది. రికార్డు తిరుగుతూనే ఉంది.

పద్నాలుగు రోజులకు కొత్త అచ్చు రికార్డు మిసావో ముందుకొచ్చింది. రెండో వైపు, మూడో పాట తర్వాత, ఏమీ ఉండకూడని చోట, ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. వదల్లేదు. తర్వాతి పాట మొదలైపోయింది.

అచ్చు మార్పించింది. అయినా ఉంది. అసలు టేపు తెప్పించి విన్నది. అందులో లేదు. మేస్త్రీ కూడా ఆ రికార్డు పెట్టుకుని విన్నాడు.

"ఏముందమ్మా ఇందులో? పోయినావిడ మీద బెంగ నీకు. చెవులకు విశ్రాంతి కావాలంటే చెప్పు, అట్టలు మడిచే గదిలో వేస్తాను."

ఇంకోసారి ప్రెస్సు ఆపితే తన పేరు పోతుంది. చీటీలో లోపాల గడిలో "ఏమీ లేదు" అని రాసి ముద్ర వేసింది. ఆమె అబద్ధపు ముద్ర వేసింది ఆ ఒక్క ఆల్బం మీదే.

ఆ ఏడాది వచ్చిన మిగతా ఆల్బంలన్నీ అటకెక్కాయి. "గాజు రేవు" మాత్రం మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది. నాగసాకి నుంచి ఒక మంగలి ఫ్యాక్టరీకి ఉత్తరం రాశాడు: "మూడో పాట అయ్యాక ఎవరో ఏదో చెప్పబోతున్నట్టుంటుంది. ఒళ్లు జలదరిస్తుంది. దానికోసమే మళ్లీ పెడతాను." అలాంటివి ఏటా వచ్చేవి. వచ్చిన రోజున మిసావో అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయేది.

2022లో ఆ అసలు టేపు నుంచే సరికొత్త అచ్చు తీశారు. పరీక్షించే దిక్కు లేక, మేనేజరు కుజే డెబ్బై అయిదేళ్ల మిసావో ఇంటికొచ్చి బతిమాలాడు. పదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ ఆ ఆల్బం మీద ప్రాణం పెట్టుకున్నవాడతను.

అదే చెక్క గది. నలభై ఒక్క చప్పుళ్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి. మూడో పాట అయింది. ఖాళీ. శుభ్రం.

"ముద్ర వేసేస్తారా అమ్మా?"

మిసావో ముద్ర పక్కన పెట్టింది. "కుజే గారూ, పాత రికార్డుల్లో ఇక్కడ ఒకటుంది. విన్నాను. విని కూడా లేదని రాశాను."

కుజే తిరుగుతున్న రికార్డు ఆపేశాడు. "ఊపిరి... అది పాటలోదే అనుకున్నానమ్మా ఇన్నేళ్లూ. దుప్పటి ముసుగేసుకుని వినేవాణ్ణి."

పాత రికార్డు తెచ్చి పెట్టారు. మూడో పాట అయింది. ఏమీ లేదు. మళ్లీ పెట్టారు. లేదు. మిసావో హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

అప్పుడు చెక్క గోడ అవతల, ఒకప్పటి ఫుసా గదిలో, ఎవరో ఊపిరి వదిలారు. నోతోలో చిప్పల కోసం సముద్రం అడుగుకు మునిగే ఆడవాళ్లు పైకి తేలి వదిలినట్టు, సన్నగా, పొడుగ్గా, ఇక అయిపోయిందనుకున్నాక కూడా ఇంకాస్త.

"ఆ గది తాళంచెవి నా జేబులోనే ఉంది" అన్నాడు కుజే, జేబు తడుముకుంటూ.

"ఉండనివ్వండి."

మిసావో చీటీ ముందుకు లాక్కుని పల్లె బడి అక్షరాలతో పెద్దగా రాసింది: "మూడో పాట తర్వాత ఊపిరి వదిలిన చప్పుడు. రికార్డులో కాదు, పక్క గదిలో. విన్నవారు ఇద్దరు." ముద్ర వేసి, చీటీ అతని వైపు జరిపింది.

"మీరూ వేయండి."

కుజే జేబులోంచి తనది తీసి ఆత్రంగా నొక్కాడు. ముద్ర వంకరగా పడింది. మిసావో ఒక్క క్షణం చూసి చీటీ చింపేసింది.

"వంకర ముద్ర చెల్లదు నాయనా. కూర్చో, మళ్లీ రాస్తాను."