అన్నయ్య చొక్కా గుండీలు

జీడితోటలో కొమ్మ కొడుతూ జారిపడి అన్నయ్య కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. టెక్కలిలో టీచరుగా ఉన్న నేను సెలవు పెట్టి, పలాస ఆసుపత్రిలో మూడు రోజులు తోడున్నాను. ఇంటికి పంపేరోజు, ఎడమచెయ్యి తొడిగి, కట్టున్న చేతిమీదుగా చొక్కా కప్పుకుని నావైపు తిరిగాడు.

"ఒరే, గుండీలెట్టరా."

నాకు గుండీలంటే భయం. నాలుగు చిల్లుల ప్లాస్టిక్ గుండీ చూస్తే ముఖం తిప్పేసుకుంటాను. వేలికి తగిలితే చెయ్యి కడుక్కునేదాకా ఉండలేను. చిన్నప్పుడు బడికెళ్ళేముందు అమ్మ పెడుతుంటే కళ్ళు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు టీషర్టులే. ఎవరైనా అడిగితే ఉక్కపోత అంటాను.

ఫోనొచ్చినట్టు నటించి వరండాలోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి పక్కమంచం రోగి భార్య గుండీలు పెడుతోంది. నన్ను ఒకసారి చూసి తల తిప్పుకుంది.

మా ఊరికెళ్ళే కంచిలి బస్సులో అన్నయ్య నాకు ఎడంగా జరిగి కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మూడ్రోజులై తానం లేదు. కంపు కొడతన్నానేటిరా?"

"అది కాదన్నయ్యా" అన్నాను. మరి ఏమిటో చెప్పలేదు. నన్ను పెంచినవాడు తన ఒళ్ళంటే నాకు రోతనుకుంటున్నాడు. అలాగే అనుకోనిచ్చాను.

వారం రోజులు ఆ మాట నన్ను తినేసింది. ఆదివారం ఊరెళ్ళి, కొబ్బరితోటలో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను.

"గుండీలా? అయ్యేటి సేత్తాయిరా?"

"ఏమీ చెయ్యవు. నాకూ తెలుసు. అయినా భయమే."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అమ్మకి తెల్సా?"

"తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నాను."

"ఇన్నేళ్ళూ ఇద్దరూ నాకాడ దాసేసినారన్నమాట" అన్నాడు. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువుంది.

ఇలాంటి భయం ఇంకా కొందరికి ఉంటుందని ఫోన్లో చదివాను. కొంచెం ఊరట కలిగింది గానీ, డాక్టరు ముందు కూర్చుని చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

కట్టు విప్పించడానికి పలాస వెళ్ళేరోజు "నేను పెడతాను" అన్నాను. కళ్ళు మూసుకుని తడుముతూ మొదటిది పెట్టేశాను. రెండోదాని అంచు గోటికి గీసుకుంది. వదిలేసి కొళాయి దగ్గరికి పరుగెత్తాను.

వచ్చేసరికి మిగతావి అన్నయ్యే ఎడమచేత్తో తంటాలు పడి పెట్టుకుంటున్నాడు.

"ఒకటెట్టినావు గదా, సాల్లే" అన్నాడు.

నలభై ఏళ్ళవాణ్ణి. తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, అతని ముఖంలోకి చూడలేకపోయాను.