తినే చెయ్యి ఏది?

నా చిన్నప్పుడు, సూరత్‌లో ప్లేగు వచ్చిన ఏడు, మేం ఆ ఊరి శివారులో, ఉన్ అనే పేట దగ్గర, వరుస గదుల్లో ఉండేవాళ్లం. ఎదురెదురుగా రెండు వరుసలు, నడుమ ఒక మోరీ. మోరీకి ఇటు మేం, అటు ఒక చిన్నమ్మ కుటుంబం. చుట్టరికమేమీ లేదు. మా జిల్లా మనిషి కాబట్టి చిన్నమ్మ అనేదాన్ని. రెండిళ్ల మగవాళ్లూ సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసేవారు.

జనం రైళ్లెక్కి పారిపోతున్న ఆ రోజుల్లో మా బాపుకు జ్వరం వచ్చింది. అది ప్లేగేనని మొదట కేక పెట్టింది చిన్నమ్మే. సాయంత్రానికల్లా వరుసవాళ్లంతా కూడి మా చేత గది ఖాళీ చేయించారు. ఊరి బయట కడోదరా దగ్గర రోడ్డు పక్కన, మూతపడిన సాంచాల షెడ్డు చూరు కింద తలదాచుకున్నాం. అక్కడి డాక్టరు రక్తం చూసి మలేరియా అన్నాడు. బాపు తేరుకుని, ఊళ్లో భయం కాస్త తగ్గాక మా గదికి తిరిగొచ్చాం. ఎవరూ ఏమీ అనలేదు. మా వాళ్లూ ఏమీ అనలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. చిన్నమ్మ ఇంటికీ ఆ రోగం వస్తుంది చూడండని వరుసలోని పిల్లలందరికీ చాటాను. అప్పటికే నాకు లెక్కల పిచ్చి. తప్పు చేసినవాళ్లకు ఏమీ కాకపోతే, కూడికలో ఒక అంకె వదిలేసినట్టు తోచేది.

అన్నట్టే కొన్నాళ్లకు చిన్నమ్మ భర్త జ్వరంతో పడ్డాడు. ఆ ఇంటి బిందెను కూడా ఎవరూ ముట్టలేదు. నేను మా గడప మీద కూర్చుని ఆ తలుపునే చూస్తూ ఉండిపోయాను. ఒకనాడు పొద్దున ఆయన లేచి, గోడకానుకుని బీడీ అడిగాడు. ఆయనదీ మలేరియానే. నాకు కడుపు మండిపోయింది. ఆ పూట అన్నం వద్దన్నాను.

అప్పుడు మా తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. సాంచాల మోతకు ఆయన చెవులు సగం పోయాయి. షెడ్డులో ఏ మాటైనా పక్కవాడి చెవిలో అరిచి చెప్పాల్సిందే. ఇంట్లోనూ ఆయనది అదే గొంతు. గుసగుస అనుకుని చెప్పింది వరుస చివరి గదిదాకా వినపడేది.

"ఏంది బిడ్డా, ఆయన సావలేదని అలిగినవా?" అన్నాడు.

తాత షెడ్డులో తన పక్క సాంచా నడిపే కిరస్తానీ దోస్తు చెప్పిన కథ ఒకటి అందుకున్నాడు. అది చేప మింగి కక్కిన ప్రవక్త కథ. ఒక చెడ్డ పట్టణం నలభై రోజుల్లో నాశనమవుతుందని చాటమని దేవుడు అతణ్ని పంపాడు. అతడు చాటాడు. జనం భయపడి బుద్ధి తెచ్చుకున్నారు. దేవుడు జాలిపడ్డాడు, ఊరు నిలిచింది. ప్రవక్తకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నువ్విలా కరిగిపోతావని నాకు ముందే తెలుసు, ఇక నన్ను చంపెయ్ అని దేవుడితో పోట్లాడి, ఊరి బయట కూర్చుని ఇంకా ఏమన్నా జరుగుతుందేమోనని చూశాడు. అతనికి నీడగా దేవుడొక సొరతీగను మొలిపించాడు. మర్నాడు పురుగు కొట్టి తీగ ఎండిపోతే, ప్రవక్త దానికోసం మళ్లీ చస్తానన్నాడు.

"అప్పుడు దేవుడేమన్నడో ఎరికేనా? నువ్వు నీళ్లు గూడ పొయ్యని తీగకే నీకు గంత బాధైతే, ఆ ఊళ్లె కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెల్వని పానాలు లక్షా ఇరవై వేలున్నయి, గొడ్లున్నయి, నాకు బాధ గాదా అన్నడు."

"దానికి ఆయనేమన్నడు తాతా?"

"గది మా దోస్తు చెప్పలే. గంతల మా పని పాళీ మారింది, ఇంటికి పోయిండు."

నా మనసు ఆ అంకె దగ్గరే ఆగిపోయింది. మరి ఎదురింట్లో అలాంటివాళ్లు ఎంతమంది అని అడిగాను. "పోయి లెక్కబెట్టుకరా" అని గంజిగిన్నె నా చేతిలో పెట్టాడు.

మోరీ దాటేసరికి చిన్నమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. తాత చెప్పిందంతా ఆమె విన్నది. వరుసలో విననివాళ్లెవరు గనక. ఆమె గిన్నె అందుకోలేదు. చంకలోని పిల్లవాణ్ని కిందికి దించింది.

"తినే చెయ్యేదిరా? అక్కకు సూపెట్టు."

వాడు రెండు చేతులూ ఎత్తాడు. రెంటికీ మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"వీడొకడు. లోపట ఉయ్యాలల చెల్లె ఒకతి. ఒక కోడి. నన్ను లెక్కల పట్టకు బిడ్డా. నాకు కుడి ఎడమ తెల్సు. తెల్సే ఆనాడు ప్లేగని మొత్తుకున్న."

అప్పుడు గిన్నె అందుకుంది.

మా గడప మీంచి తాత కేకేశాడు, "ఎంతమందే?"

"ఇద్దరు, ఒక కోడి."

"సాలు, ఇగ రా, అన్నం తిను."

బడి చదువు నాకు ఎక్కువ సాగలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకుని, ఇప్పుడు చీరల గోదాములో సరుకు లెక్కలు చూస్తున్నాను. కరోనా మొదటి ఏడు, దగ్గుతున్న మా తమ్ముణ్ని మా బిల్డింగు పెద్దమనిషి మెట్లెక్కనివ్వలేదు. రెండో ఏడు ఆ జబ్బు ఆయన ఇంటికే వచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడి, ఆయన తలుపునే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి ఆ చూపు నాకు పాతదేనని తెలిసింది. వెంటనే లెక్కపెట్టాను. మాటలింకా సరిగా రాని మనవరాలు ఒకతి, పంజరంలో పిట్టలు రెండు.

పెద్దమనిషిని లెక్కలో పట్టలేదు. గంజి మాత్రం ఆయనకూ సరిపడా కాచాను.