ఈగ మీసాలు చూసిన తిప్పమ్మ

గద్వాల సంస్థానంలోని ఒక బడిలో తిప్పమ్మ గదులన్నీ ఊడుస్తుంది. సూక్ష్మదర్శిని ఉన్న గదిలోకి మాత్రం రానివ్వరు, అంటు అవుతుందట. పాఠానికి కావలసిన పండ్ల ఈగలను తెచ్చేది మళ్లీ ఆమే. అవి కల్లు ముంతలోకి దిగగానే మూతికి గుడ్డ చుట్టేస్తుంది. చీపురు చంకన పెట్టుకుని, గడప బయటినుంచే మెడ సాచి నవ్వుతూ చూస్తుంది. మొన్న కొత్త సారు ఆమెను లోపలికి పిలిచాడు. చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక కన్ను మూసి వంగింది.

"గిదేంది సారూ, ఈగ మీసానికి గింత నూగా?"

"ఆ నూగుతోనే కల్లు వాసన పసిగడుతుందమ్మా."

"గందుకే మా ఇంటాయన కన్న ముందుగాల ముంత కాడికొస్తున్నయ్!" అని పకపకా నవ్వింది. "రేపు గూడ సూడనిస్తరా?"

పెద్ద సారు ససేమిరా అంటున్నాడు. అయ్యలారా, అమ్మలారా, మీ పిల్లలు ఆ బడిలో చదువుతుంటే రేపే వెళ్లి, తిప్పమ్మను చూడనివ్వమని ఆయనకు గట్టిగా చెప్పండి.