సుడిగాలి వెళ్ళాక వచ్చినవాళ్ళు

ఆష్‌బర్న్‌లో మా ఆఫీసు పక్కన ఇంకో డేటా సెంటర్ కడుతున్నారు. సగం లేచిన గోడలకు ప్లాస్టిక్ పట్టాలు కట్టారు. గాలి వీస్తే అవి ఫటఫటా కొట్టుకుంటాయి. నిన్న కాఫీ పట్టుకుని పార్కింగ్‌లో నడుస్తూ ఆ చప్పుడుకు అక్కడే నిలబడిపోయాను. పక్కనున్నామె ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. రాజ్యం ఆంటీని ఎరగనివాళ్ళకు ఆ చప్పుడు గురించి ఏమని చెప్పను?

మిషిగన్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు ట్రాయ్‌లో ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసిన మనిషి. భర్త పోయాక ఆ ఉద్యోగం మానేసి, గంట దూరంలో మొక్కజొన్న చేల మధ్య కాస్త భూమి కొని, పాలిథిన్ కప్పుతో పొడవాటి గ్రీన్‌హౌస్ వేసుకుంది. లోపలన్నీ కరివేపాకు చెట్లే. మంచు కురిసే చోట, హీటర్ వెచ్చదనంతో నా తలకన్నా ఎత్తు పెరిగాయి. వాటిని చూసుకోవడం తప్ప ఆవిడకు ఇంకో బతుకు లేదు.

నోరు మాత్రం మహా పదును. ప్రొఫెసర్‌ని అసిస్టెంట్‌షిప్ అడగడానికి మొహమాటపడి నేను రోజూ ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేదాన్ని. ఒకరోజు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపేసింది.

"నీకు కావాలని ఆయనకేమన్నా కలొస్తుందా? అడగందే అమ్మైనా పెట్టదే పిల్లా. రేపు అడిగొస్తేనే కూర."

మర్నాడు వెళ్ళి అడిగాను, దొరికింది. ఈ దేశంలో నాకు నోరంటూ వచ్చిందంటే ఆవిడ చలవే.

ఆ వసంతంలో ఒక శుక్రవారం సాయంత్రం సుడిగాలి వచ్చింది. వార్తల్లో దాన్ని బలహీనమైన టోర్నడో అన్నారు, ఎవరికీ దెబ్బ తగల్లేదన్నారు. నిజమే. పక్క రైతు కొట్టం మీద రేకులు లేపింది, మేపుల్ కొమ్మలు విరిచింది, కరెంటు తీగలు తెంపింది, పోతూ పోతూ ఆంటీ గ్రీన్‌హౌస్ కప్పును పెరికి చేలో పడేసింది. చెట్లకు మాత్రం ఏమీ కాలేదు. కానీ గాలి వెనకే చలి దిగింది. శనివారం రాత్రికి గడ్డకట్టే చలి అని ఫోన్లు హెచ్చరిస్తూనే ఉన్నాయి. కరెంటు లేదని ఆంటీ గ్యాస్ హీటర్ ఒకటి సంపాదించింది గానీ, దాని వేడి నిలవాలంటే పైన కప్పుండాలి. చీకటి పడేలోగా కప్పు వేయకపోతే చెట్లు దక్కవు.

శనివారం పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. షెడ్డులో కొత్త పాలిథిన్ చుట్ట ఉంది. అది ఇద్దరితో అయ్యే పని కాదు. నేను ఒక కొస పట్టుకుంటే రెండో కొస ఫటఫటా ఎగిరి ఆవిడ ముఖాన కొట్టేది. అంతలో ఒక కారు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. వాట్సాప్‌లో సంగతి తెలిసి ట్రాయ్ నుంచి మనవాళ్ళు పరామర్శకు వచ్చారు. ట్రేల నిండా పులిహోర, దద్దోజనం. ఇస్త్రీ బట్టలు, తెల్ల బూట్లు.

"థ్యాంక్ గాడ్, మీకేం కాలేదు ఆంటీ. చెట్లదేముంది, మళ్ళీ పెంచుకోవచ్చు," అన్నాడు ఒకాయన.

"ఏమైనా హెల్ప్ కావాలంటే చెప్పండి, మొహమాటపడకండి," అంది ఆయన భార్య.

"ఏం వద్దమ్మా. ఇంత దూరం వచ్చారు, అదే పదివేలు. కూర్చోండి." ఆంటీ నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని, గ్యాస్ పొయ్యి మీద టీ పెట్టింది.

నేను ఆవిడను షెడ్డు వెనక్కి లాక్కెళ్ళాను. "ఇంతమంది ఉన్నరు ఆంటీ. తలో చెయ్యి వేస్తే గంటల అయిపోతది. నేను చెప్తా వాళ్ళకి."

"నోర్ముయ్. పరామర్శకొచ్చిన వాళ్ళకి పని చెబుతామా ఎక్కడైనా?"

"అడగమని నాకు చెప్పింది మీరే కదా!"

"అది వేరే," అని కప్పులు కడగడానికి వెళ్ళిపోయింది.

ఒకరు వెళ్తుంటే ఇంకొకరు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆంటీ గాలి ఎటు నుంచి వచ్చిందో మొదట్నుంచీ చెప్పింది. పరిచిన పాలిథిన్ మీద పిల్లలు జారి ఆడుకున్నారు. ఒక్కదాన్నే కొసలు లాగుతుంటే "ముందు తినమ్మా" అని ఎవరో నా చేతిలో పళ్ళెం పెట్టారు. వాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఆఖరి కారు వెళ్ళేసరికి పొద్దు వాలిపోయింది.

దుప్పట్లు, పాత చీరలు, చేతికందినవన్నీ కప్పాం. తెల్లారి చూస్తే ఆకులు ఉడికించినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. వారాల తరబడి ఒక్కో చెట్టు దగ్గర వంగి, గోటితో బెరడు గీకి చూసేది. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టు. ఎక్కడ గీకినా ఎండు రంగే. ఎండాకాలం సగంలో ఇక గీకడం మానేసింది.

"వాళ్ళ మీద కోపం రాలేదా ఆంటీ?" అని అడిగాను.

"ఎవరి మీదే? అందరూ మంచికే వచ్చారు. మంచికొచ్చిన వాళ్ళని ఏమనగలం?"

భూమి అమ్మేసింది. ఆ తర్వాత నన్ను దేనికీ కసరలేదు. నేను గిన్నెలు కడగకుండా వదిలేసినా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆవిడ పోయి కూడా కొన్నేళ్ళయింది.

ఈ మధ్యే మా ఆయన ఉద్యోగం పోయింది. నా ఉద్యోగమూ ఆయన వీసా మీదే, దాని గడువు ముంచుకొస్తోంది. ఈలోగా ఆయన్ని ఇంకో కంపెనీ తీసుకోకపోతే ఇల్లు, పాప బడి అన్నీ వదులుకుని దేశం విడిచి పోవాలి. మొన్న ఆదివారం షాంటిలీ నుంచి స్నేహితులు చూడటానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన టీమ్‌లో ఖాళీ ఉందని నాకు తెలుసు. ఆయన నా ఎదురుగానే సోఫాలో కూర్చున్నాడు.

"ఏదైనా కావాలంటే చెప్పండి," అన్నాడు, మనస్ఫూర్తిగానే.

మా ఆయన నా వంక చూశాడు. మాట గొంతు దాకా వచ్చింది.

"ఏం వద్దండీ. ఇంత దూరం వచ్చారు, అదే పదివేలు," అని, టీ పెట్టడానికి లేచాను.