ఇంజన్లను కూర్చోబెట్టే మావజీ

ఇంజను తయారుచేసినవాడి పేరు దాని ఇత్తడి పలక మీద ఉంటుంది. కొన్న రైతు పేరు రసీదు మీద ఉంటుంది. దాన్ని బావి పక్కన నేలమీద కూర్చోబెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. మావజీ పిఠ్వా యాభై ఏళ్లు చేసిన పని అదే. రాజ్‌కోట్‌లో మా వీధి చివర, రేకుల వసారా ఉన్న ఇల్లు ఆయనది. పుట్టింది కమ్మరి ఇంట్లోనే అయినా కొలిమి తాత తరంతోనే ఆరిపోయింది. తండ్రీ ఆయనా సౌరాష్ట్ర పల్లెల్లో తిరుగుతూ, వేరుశనగ చేలకు నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లకు పునాదులు వేసేవాళ్లు.

గొయ్యి తవ్వి రాయి పేర్చి నాలుగు బోల్టులు నిలపడంలో పెద్ద విద్యేముంది అని మా కాలేజీలో ఇంజనీరింగు చెప్పే మిత్రుడొకడు నన్నడిగాడు. అతనెప్పుడూ బావి దగ్గర నిలబడలేదు. ఆరున్నర గుర్రాల బలమున్న ఇంజనుకు రెండు పక్కలా బరువైన ఇనుప చక్రాలుంటాయి. నడిచినంతసేపూ అది కింద నేలను తంతూనే ఉంటుంది. కూర్చోబెట్టడం తెలియనివాడు కూర్చోబెడితే ఆరు నెలల్లో నట్లు వదులవుతాయి, ఏడాదిలో రాయి పగులుతుంది, ఆ తర్వాత ఇంజను తనంతట తానే జరగడం మొదలుపెడుతుంది. మావజీ నడుము లోతు గొయ్యి తవ్వించి నల్లరాయి పరిచేవాడు. రాతికీ ఇంజనుకూ మధ్య, ఆముదంలో నెలరోజులు నానిన రెండు నల్లతుమ్మ దుంగలు వేసేవాడు. దెబ్బ దుంగ తినాలి, రాయి తినకూడదు అనేవాడు.

అంతా అయ్యాక పరీక్ష. ఇంజను పూర్తి వేగంతో నడుస్తుండగా దాని నెత్తిన ఒక రూపాయి బిళ్లను అంచుమీద నిలబెట్టేవాడు. బీడీ ఒకటి కాలేంతసేపు అది పడకూడదు. పడితే బోల్టులు విప్పి మళ్లీ మొదటినుంచి పని. రూపాయి నిలబడేదాకా ఆ రైతు ఇంట్లో రొట్టె ముట్టడు, మజ్జిగ కూడా తాగడు, ఇంటినుంచి తెచ్చుకున్న మూటే విప్పుకునేవాడు. నిలబడిన రూపాయిని ఆ ఇంటి ఇల్లాలి చేతిలో పెట్టి, అప్పుడు భోజనానికి కూర్చునేవాడు. రూపాయి ఆయనదే, కానీ ఇంజనున్న ఇంట్లోనే ఉండిపోవాలి. తండ్రి నేర్పిన ఆచారం. ఒక్కసారి కూడా దాన్ని వెనక్కి తెచ్చుకోలేదు.

కిందటేడు ఊళ్లో ఒక ఇంజన్ల కంపెనీ కొత్త ఆఫీసు కట్టింది. గాజు గోడలు, గేటు దగ్గర పచ్చిక, పచ్చిక మధ్యలో ఏదో ఒకటి పెట్టాలన్న ఆరాటం. వెనకటి వాళ్లయితే దేవుణ్ణి పెట్టేవాళ్లు. ఇప్పుడు దేవుడి స్థానంలోకి వారసత్వం వచ్చింది. దానికీ పూలమాలలే, దానికీ కొబ్బరికాయలే, దాన్నీ ఎవరూ ప్రశ్నించకూడదు. కంపెనీ మూడోతరం యజమాని మౌలిక్ వేకరియా స్వయంగా మా వీధికి వచ్చాడు.

"బాపా, మా తాత చేతిమీద తయారైన ఇంజను ఒకటి కావాలి. మీకు తెలియని బావి ఉండదు కదా."

"బావులన్నీ తెలుసు భాయ్. వాటిలో నీళ్లే లేవు. ఇంజను దేనికి, తూకానికి అమ్మడానికా?"

"ఎంత మాటన్నారు. గేటు దగ్గర పెడతాం. వచ్చేపోయేవాళ్లు చూస్తారు. మన వారసత్వం."

లోపలినుంచి మావజీ భార్య హీరూబేన్ అందుకుంది. "ఈయన్ని కూడా తీసుకెళ్లి పక్కన పెట్టండి. ఇద్దరిదీ ఒకటే దగ్గు."

మావజీ నవ్వలేదు. "నడుపుతారా? నడిపేట్టయితే చెప్తాను. ఊరికే చూడ్డానికయితే మీ పెయింటర్‌తో గోడమీద బొమ్మ వేయించుకోండి."

"రోజూ పొద్దున పది నిమిషాలు నడిపిద్దాం బాపా. ఆ నీళ్లే తోటకి." ఈ మాట చెప్పి కాళ్లకు దండం కూడా పెట్టాడు. అప్పుడు నేను ఆ వసారాలోనే ఉన్నాను.

మావజీ చెప్పింది జస్‌దణ్ దారిలో దేవ్‌ధరీ అనే ఊళ్లో భూపత్‌భాయ్ అనే రైతు ఇంజను. వేరే ఇంజన్లు దగ్గర్లో లేకపోలేదు. కానీ 1966లో తండ్రి జ్వరంతో మంచాన పడితే, పంతొమ్మిదేళ్ల మావజీ ఒంటరిగా వెళ్లి కూర్చోబెట్టిన మొదటి ఇంజను అది. నీళ్లు లోతుకు పోయి కరెంటు మోటారు వచ్చాక పదకొండేళ్లుగా ఆగిపోయి ఉంది. మళ్లీ ఒకసారి దాన్ని తన చేతులతో కూర్చోబెట్టి, అది నడుస్తుండగా రూపాయి నిలబెట్టాలని డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి కోరిక పుట్టింది. ఆయన అంతకుమించి ఏమీ అడగలేదు. కూలి కూడా.

ఇంజనుకు బదులుగా భూపత్‌భాయ్‌కి కంపెనీ కొత్త మోటారు ఇచ్చింది. విప్పేరోజు మావజీ అక్కడే ఉన్నాడు. అంతకాలం తర్వాత కూడా పునాదిలో వెంట్రుకవాసి పగులు లేదు. దుంగలు రెండూ కారునలుపుగా నిగనిగలాడుతూ పైకొచ్చాయి. వాటిని గోనెపట్టలో చుట్టించి తనే లారీ ఎక్కించాడు. బయలుదేరేముందు భూపత్‌భాయ్ దేవుడి గూట్లోంచి పెద్ద నికెల్ రూపాయి తెచ్చి చేతిలో పెట్టాడు.

"మా అమ్మ దాచింది మావజీ కాకా. ఇంజను పోయాక దీనికి ఇక్కడేం పని. కొత్త ఇంట్లో నిలబెట్టండి."

ఆ తర్వాత నెలరోజులు మావజీ రోజూ సిటీ బస్సెక్కి కంపెనీకి వెళ్లాడు. తుప్పు గీకి, ఆయిలు మార్చి, వర్క్‌షాపులో ఇసుక బస్తాల మధ్య ఇంజన్ను ఒదిగించి హ్యాండిల్ తిప్పాడు. మూడో తిప్పుకు పట్టుకుంది. షెడ్డులో వాళ్లంతా పనాపి వచ్చి చుట్టూ నిలబడ్డారు. కాబట్టి ఆ ఇంజను నడవదని ఎవరైనా అంటే అబద్ధమని ఇక్కడే రాసిపెడుతున్నాను.

అప్పుడు అహ్మదాబాద్‌నుంచి నిసర్గ్ అనే డిజైనరు వచ్చాడు. ఆఫీసు లోపలి అలంకారాలన్నీ అతని పనే. మర్యాదస్తుడు, మావజీని కూడా కుర్చీలో కూర్చోమన్నాడు. ఫోన్లో విదేశీ ఫోటోలు చూపించాడు. కర్రబండ్లు, ఊచల్లాంటి ఆకులున్న ఇనుప చక్రాలు, వాటిమీద తళతళలాడే పాత ఇంజన్లు.

"ఇలాంటి స్టాండ్ మిస్త్రీగారూ. వింటేజ్‌గా ఉండాలి."

మావజీ ఫోటోలన్నీ ఓపిగ్గా చూశాడు. "వాళ్ల బండ్లు బాగున్నాయి. వాళ్లు ఈ చేనునుంచి ఆ చేనుకి లాక్కుపోయేవాళ్లేమో. మన ఇంజను బావి వదిలి ఎక్కడికి పోతుంది? దీనికి చక్రాలెందుకు, ద్వారక యాత్రకా?"

"ఇది కాన్సెప్ట్ అండీ."

"నాకు పునాది తెలుసు బాబూ. ఇది తెలీదు."

మావజీ అన్నదాంట్లో ఈసడింపు లేదు. ఆ దేశాల రైతుకు ఆ బండి నిజం. రాజ్‌కోట్ గేటు దగ్గర అదే బండి వేషం. మన ఇంజను అరవై ఏళ్లు దేనిమీద కూర్చుందో ఆ దుంగలు వర్క్‌షాపు వెనకే ఉన్నాయి. వాటిని కదిలించకుండా, అరవై ఏళ్లనాటి రూపం కోసం ఫోన్లో వెతుక్కున్నారు. దీన్ని తెలివితక్కువతనం అనడానికి కూడా నాకు మనసొప్పదు. తెలివితక్కువవాడు కనీసం కళ్లెదుట ఉన్నదాన్ని చూస్తాడు.

నాలుగు రోజులు జ్వరంతో ఆగి, అయిదోరోజు మావజీ వెళ్లేసరికి దుంగలు లేవు. గోనెపట్ట మాత్రం మడతపెట్టి ఉంది. క్యాంటీన్ వంటమనిషిని అడిగాడు.

"ఆ నల్ల కర్రలా బాపా? చెత్త తీసేయమంటే ఇటు తెచ్చిపడేశారు. గ్యాసు అయిపోయిందని కట్టెల పొయ్యి రాజేశాం. నూనె పట్టిన కర్ర, మంటంటే మంట కాదు. రెండ్రోజులు టిఫినుకు ఫాఫ్డా దానిమీదే వేయించాను."

మావజీ పక్క షెడ్డులోకి వెళ్లాడు. అక్కడ ఇద్దరు వడ్రంగులు కొత్త టేకు కర్రను నేలమీద పడేసి ఇనుప గొలుసుతో కొడుతున్నారు. మూడోవాడు పురుగు తొలిచినట్టు కనిపించాలని దబ్బనంతో చిల్లులు పొడుస్తున్నాడు. పక్కనే బకెట్టులో టీ డికాషను. రంగు పట్టించడానికి.

"ఏం నేరం చేసిందిరా ఆ కర్ర?"

"మాకేం తెలుసు బాపా. అరవై ఏళ్ల వయసు రావాలంట. రేపు సాయంత్రానికి."

ఈ ముక్క మావజీ నాకు చెప్పినప్పుడు గొంతు పెంచలేదు. నాకే పెరిగింది. నిజంగా ముసలిదైన కర్రను ఫాఫ్డా కింద తగలేసి, పసికర్రను గొలుసులతో కొట్టి ముసలిదాన్ని చేశారు. ఆ ఆవరణలోనే, వంద అడుగుల దూరంలో. తర్వాత ఆఫీసు ప్రారంభోత్సవంలో మూలాలను మరవొద్దని మైకులో ప్రసంగించారు. ఇందులో దుర్మార్గుడెవడూ లేడని మా మిత్రుడంటాడు. లేడు. అదే నా కోపం. ఒక దుర్మార్గుడుంటే వాడితో కొట్లాడవచ్చు.

మావజీ నేరుగా మౌలిక్ గదికి వెళ్లాడు.

"బాపా, పొరపాటైంది. నిజంగా బాధగా ఉంది. కావాలంటే ఇంకో కర్ర తెప్పిస్తాను."

"కర్ర సంగతి వదిలేయ్. నడుపుతానన్నావు. ఆ బండిమీద పెట్టి నడిపితే ఇంజను అతిథుల్లోకి నడిచివస్తుంది. గొయ్యి తవ్వించు. బండి పైనుంచి పెట్టుకో, బోల్టులు మాత్రం కింద రాతిలోకి దించు. అయిదురోజుల్లో చేసిపెడతాను."

"పచ్చిక పరిచేశారు బాపా. మళ్లీ తవ్వితే ఎలా? మీరు నిశ్చింతగా రండి. ప్రారంభోత్సవం రోజు రెండు నిమిషాలు ఇంజను మోగుతుంది. నాది మాట. మీ రూపాయి కార్యక్రమం ఆహ్వానపత్రికలో కూడా వేయించాను."

హీరూబేన్ ఆ పత్రిక చదివించుకుని, మొగుడి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించింది. "మాటిచ్చాడు కదా, వెళ్లు. ఆ ముడిపడ్డ నొసలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లు."

రెండు నిమిషాలకు తగ్గట్టు నాలుగువైపులా ఇసుక బస్తాలు ఆనిస్తే సరిపోతుందని లెక్క వేసుకుని వెళ్లాడు మావజీ. హ్యాండిల్ గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను. బండి చక్కగా ఉంది, ఆకుల చక్రాలు, ఇత్తడి చీలలు, దెబ్బలు తిన్న టేకు. ఇంజనుకు ముదురాకుపచ్చ రంగు వేశారు. బండికి తగిలించిన పలకమీద ఇలా ఉంది: 1966 నాటి ఇంజను, అసలు వేదికతో సహా.

మావజీ ఇంజను చక్రం మీద చెయ్యి వేసి తిప్పబోయాడు. కదల్లేదు. వంగి చూశాడు. పిల్లలు తిప్పి చేతులు నలగ్గొట్టుకుంటారని దాన్ని బండి కింది ఇనుప చట్రానికి వెల్డింగ్ చేసేశారు.

అంతలో మౌలిక్ రిబ్బను కత్తిరించి ఒక మీట నొక్కాడు. ఇంజను చప్పుడు మొదలైంది. పెద్దగా, స్పష్టంగా. బండి కింద పెట్టిన స్పీకర్లోంచి. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో రిటైరైన ఫౌండ్రీ పనివాళ్లు నలుగురు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటి కథ?" అని అడిగాను ఒకాయన్ని.

"ఆ చప్పుడు రెండు సిలిండర్లది మాస్టారూ. ముందున్న ఇంజనుకు ఒకటే."

ఇంజన్లు అమ్మి బంగళాలు కట్టిన ఊరు ఇది. ముందు వరస కుర్చీల్లో ఒక్కడికీ తేడా తెలియలేదు.

మైకులో పేరు పిలిచారు. మావజీ వెళ్లాడు. హ్యాండిల్ కింద పెట్టి, జేబులోంచి భూపత్‌భాయ్ ఇచ్చిన నికెల్ రూపాయి తీసి, ఇంజను నెత్తిన అంచుమీద నిలబెట్టాడు. నిలబడింది. ఎందుకు నిలబడదు? చప్పుడు హోరెత్తుతోంది, బిళ్ల రవ్వంత కూడా వణకలేదు. చప్పట్లు రెట్టింపయ్యాయి. చూశారా మిస్త్రీ చేతి మహిమ అని మైకులో ఎవరో అన్నారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. యాభై ఏళ్లలో ఆయన రూపాయి అంత నిశ్చలంగా ఎన్నడూ నిలబడి ఉండదు.

మౌలిక్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంక భోజనం చెయ్యొచ్చు కదా బాపా. రూపాయి నిలబడింది."

"బల్లమీద పెట్టినా నిలబడుతుంది భాయ్. పరీక్ష రూపాయికి కాదు."

ఆ మాట అని, చేయి చాచి రూపాయి తీసుకుని జేబులో వేసుకున్నాడు. జనం అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు. షామియానాలో అప్పటికే మామిడిరసం వడ్డిస్తున్నారు. మావజీ హ్యాండిల్ చంకలో పెట్టుకుని ఆ విస్తళ్ల పక్కనుంచే గేటు దాటాడు.

రెండురోజుల తర్వాత జస్‌దణ్ బస్సెక్కి దేవ్‌ధరీ వెళ్లాం. భూపత్‌భాయ్ బావి పక్కన పునాది అలాగే ఉంది. నాలుగు బోల్టులు నేలలోంచి నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒకదానికి దూడను కట్టేశాడు. మావజీ వంగి దూడకు కట్టని బోల్టును రెండు చేతులతో ఊపి చూశాడు. అది కదల్లేదు.

"అక్కడ నిలబడలేదా కాకా?" చేతిలోకి తిరిగొచ్చిన రూపాయిని చూసి అడిగాడు భూపత్‌భాయ్.

"అక్కడ ఇంజను లేదు. గూట్లో పెట్టేయ్."

భూపత్‌భాయ్ లోపలికి కేకేసి రెండు కంచాలు పెట్టమన్నాడు. మావజీ సజ్జరొట్టెలు మూడు తిన్నాడు, బెల్లం అడిగి వేయించుకున్నాడు, మజ్జిగ రెండు లోటాలు తాగాడు. ఆ ఇంట్లో తినే హక్కు ఆయనకు 1966లోనే వచ్చింది.