వయ్యారయ్య గది

ఆదివారం మధ్యాహ్నం టైలరు షాపు షట్టరు సగం దించి ఉందంటే లోపల ఆట జరుగుతున్నట్టే. గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల మీద టైలరు సుద్దతో కోటలూ గుహలూ వాగులూ గీసి ఉంటాయి. ఆట అయ్యాక శుభ్రంగా తుడవకపోతే సోమవారం దాని మీద పరిచిన గుడ్డకి అవన్నీ అంటుకుంటాయి. ఒక పెద్దమనిషి అలా ప్యాంటు వెనక వాగుతో సహా తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆయనకి ఈనాటికీ ఆ సంగతి తెలియదు, తెలియనివ్వరు కూడా.

ఆటంటే పేకాట అనుకునేరు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని ఆ కథలో తిరుగుతారు. గోడ దూకుతానని ఎవరన్నా అంటే, దూకగలిగారో నడుం విరగ్గొట్టుకున్నారో పాచిక తేలుస్తుంది. దారిలో తగిలే రాజులూ దొంగలూ గయ్యాళి అత్తలూ మాట్లాడే తోడేళ్ళూ, అందరి గొంతులూ కథ చెప్పేవాడివే. ఈ షాపులో కథ చెప్పేది టైలరు బామ్మర్ది. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. అందుకని అందరూ లిఫ్టు మాస్టారంటారు.

అమ్మ పోయేనాటికి మాస్టారికి ఇంకా మీసం రాలేదు. పిల్లవాణ్ణి ఎవరు పెట్టుకోవాలని బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, అక్క మొగుడు ఎవరినీ అడక్కుండా వాడి బట్టలు సంచీలో కుక్కి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాడు. షాపు వెనకే ఇల్లు, మధ్య ఒక తెర. మాస్టారు ఆ ఇంట్లోనే పెరిగాడు, బావ కత్తిరించి పారేసిన ముక్కల మీద దొర్లాడు. ఇప్పుడు వేరే గది తీసుకుని ఉంటున్నాడు గానీ, ఆదివారం భోజనం అక్క చేతిదే, ఆట బావ బల్ల మీదే. ఆ రెండూ పోతే ఇల్లని చెప్పుకోవడానికి అతనికేమీ మిగలదు. ఆ భయంతోనే చెప్పాల్సిన ఒక్క మాట ఏళ్ళ తరబడి మింగుతూ వచ్చాడు.

ఆ మాట పెద్దదేం కాదు. అతని గదిలో ఇంకో మనిషి ఉంటాడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. అక్కా బావలకి తెలిసినంతవరకూ అతను అద్దె పంచుకునే మనిషి. కానీ మాస్టారు అతన్ని ప్రేమించాడు, అతనితో కాపురం చేస్తున్నాడు, అతనికి జ్వరమొస్తే డ్యూటీ ఎగ్గొట్టి పక్కన కూర్చుంటున్నాడు.

ఇక వయ్యారయ్య. కథలో సత్రం నడిపే మనిషి. మాస్టారు అతన్ని మొదట మామూలుగానే ప్రవేశపెట్టాడు. గొంతు కాస్త మెత్తగా పలికింది, అంతే. "ఏరా, వీడు అదో రకమా?" అని బావ నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ తన మీదికి తిరుగుతుందోనని మాస్టారు భయపడ్డాడు. వెంటనే ఆ గొంతుని ఇంకా సాగదీశాడు, చేతులు తిప్పాడు, బావ ఆడే గొడ్డలయ్య కండలు చూసి మూర్ఛపోయినట్టు నటించాడు. బావ కడుపు పట్టుకుని నవ్వాడు. అప్పట్నించి వయ్యారయ్య లేని ఆదివారం లేదు. అలాంటివాణ్ణి ఇంత బాగా వెక్కిరించేవాడి మీద అనుమానం ఎవరికి వస్తుంది? మాస్టారికి దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు దొరకలేదు. సిగ్గుమాలిన చోటే, కాదనను. కానీ భయపడ్డవాడు చోటు ఎంచుకుంటూ కూర్చోడు.

ఆటలో మొదట్నించీ ఉన్న మూడోమనిషి మందుల షాపాయన. కథలో ఆయన మాంత్రికుడు, షాపులో ఎంత చాదస్తమో ఆటలోనూ అంతే. ఈమధ్య ఆయన ఒక నర్సుని తీసుకొచ్చాడు. అందరూ సిస్టర్ అంటారు. గుర్రం మీద తిరిగే రౌతు పాత్ర ఆమెది. బాగా ఆడుతుంది, బాగా నవ్వుతుంది, వయ్యారయ్య వచ్చినప్పుడు మాత్రం బల్ల మీది సుద్ద గీతలు చూస్తూ కూర్చుంటుంది.

ఒక ఆదివారం ఆట అయ్యాక ఆమె మాస్టారిని బయట ఆపింది.

"మాస్టారూ, మీ కథ నాకిష్టం. కానీ ఆ వయ్యారయ్య వస్తే లేచిపోవాలనిపిస్తుంది."

"అది ఊరికే సరదాకి సిస్టర్."

"నాతో ఉండే ఆవిడ స్నేహితురాలని అందరికీ చెబుతాను. స్నేహితురాలు కాదు. మీకెందుకు చెబుతున్నానంటే, దాన్ని ఆపగలిగేది మీరొక్కరే కాబట్టి. ఇంకొక్క ఆదివారం వస్తాను. అప్పుడూ అలాగే ఉంటే ఇక రాను."

నేనూ అంతే సిస్టర్ అనాలి. "సరే, చూస్తాను" అని మాత్రం అన్నాడు. గదికి చేరేదాకా తన్ను తాను తిట్టుకుంటూనే నడిచాడు.

ఆ వారమంతా అదే ఆలోచన. ఆఫీసు భవనాల్లో లిఫ్టు పెట్టె మీద నిలబడి, చీకటి గొట్టంలో తాళ్ళకి గ్రీజు రాస్తున్నా అదే. చివరికి ఒక ఉపాయం తోచింది. రాజభటులు వచ్చి వయ్యారయ్యని జైలుకి పట్టుకుపోతారు. కథ ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది. సిస్టర్ ఉండిపోతుంది, బావకి అనుమానం రాదు, తను నోరు విప్పక్కర్లేదు. ఆ ఊరిని మనసులో వీధి వీధీ కట్టుకుని మరీ వచ్చాడు.

"మీరు సత్రానికొచ్చేసరికి తలుపులు బార్లా తీసున్నాయి" అని మరుసటి ఆదివారం కథ మొదలుపెట్టాడు. "వయ్యారయ్య లేడు. శత్రువులకి రహస్యాలు అమ్మాడని భటులు పట్టుకుపోయారు. వాకిట్లో గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి, పై ఊరికి..."

"పై ఊరి సంగతి తర్వాత" అన్నాడు బావ. "మన వయ్యారయ్యని పట్టుకుపోతే ఊరుకుంటామా? వాడి గది వెతుకుదాం. ఏదో ఒకటి దొరక్కపోదు."

కథ చెప్పేవాడికి ఎప్పుడూ ఉండే ఖర్మే ఇది. అతను ఊరంతా కట్టుకుని వస్తే, ఆడేవాళ్ళు పోయి పోయి కట్టని గదిలో దూరతారు. సత్రం వంటిల్లు మాస్టారికి తెలుసు, గల్లాపెట్టె తెలుసు. గది మాత్రం ఎన్నడూ ఊహించలేదు. అయినా ఠక్కున చెప్పాలి, తడుముకుంటే ఆట చల్లబడుతుంది. అలా అప్పటికప్పుడు కల్పించాల్సి వచ్చినప్పుడు కళ్ళకి అలవాటైనదే నోటికొస్తుంది.

"చిన్న గది. మంచం కిటికీ కిందకి జరిపి ఉంది. కూజా మీద గ్లాసు బోర్లించి ఉంది. మంచం పక్కన రెండు జతల చెప్పులు."

"రెండు జతలట" అని మందుల షాపాయన కన్ను గీటాడు. సిస్టర్ ఆట లెక్కలు రాసుకుంటున్న కలానికి మూత పెట్టేసింది. అది చూసి మాస్టారు కంగారుపడి ఇంకా తొందరగా చెప్పుకుపోయాడు.

"తలుపు వెనక మేకుకి లేత నీలం చొక్కా. వయ్యారయ్యది కాదు, అతనికి వదులవుతుంది. జేబు కుడివైపు. ఎడమ భుజం కాస్త దించి కుట్టారు, వేసుకునే మనిషికి ఆ భుజం..."

నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"కత్తులూ కవచాల కాలంలో జేబు చొక్కా ఏమిటండీ మాస్టారూ" అని మందుల షాపాయన నవ్వాడు. బావ నవ్వలేదు.

ఆ చొక్కా కుట్టింది బావే, ఈ బల్ల మీదే. మా సూపర్‌వైజరుకి అని చెప్పి మాస్టారు ఒక పాత చొక్కా ఆదికిచ్చాడు. ఎడమచేతివాటం మనిషి, జేబు కుడివైపు కావాలన్నాడు. ఎప్పుడో ఎముక విరిగి భుజం దిగిపోయిందన్నాడు. బావ మనుషుల మొహాలు మర్చిపోతాడు గానీ భుజాలు మర్చిపోడు. ఆ భుజం అతన్ని చాలా అవస్థ పెట్టింది, విప్పి మళ్ళీ కుట్టాడు.

"ఏ భుజమన్నావ్?"

"ఎడమ."

ఫ్యాను గాలికి దండెం మీది సగం కుట్టిన కోటు ఊగుతోంది.

"గొడ్డలయ్య జైలుకి పోతున్నాడు" అన్నాడు బావ. గొడ్డలయ్య కోసం పెట్టే బండ గొంతు అందులో లేదు. "వయ్యారయ్యని పెట్టిన గది బయట నిలబడ్డాడు. అడుగుతున్నాడు. ఆ చొక్కా ఎవరిది?"

తప్పించుకోవడానికి దారి లేకపోలేదు. చెయ్యి ఒక్కసారి తిప్పి, గొంతు సాగదీసి, "ఎవరిదో ఎందుకులేండి వీరా, సిగ్గేస్తోంది" అంటే చాలు, మందుల షాపాయన పకపకా నవ్వేవాడు, బావ కూడా నవ్వేవాడేమో. ఆ గొంతు నాలిక చివర సిద్ధంగా ఉంది. సిస్టర్ తన పాచికలు ఒక్కొక్కటే సంచీలో వేసుకుంటోంది.

"నాతో ఉండే మనిషిది బావా" అన్నాడు మాస్టారు తన గొంతుతోనే. "అద్దె కోసం ఉండేవాడు కాదు. నా మనిషి. మేమిద్దరం ఒకటి."

మందుల షాపాయన చేతిలో బిస్కట్టు చేతిలోనే ఉండిపోయింది. బావ లేచాడు. తెర తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల అక్క గొంతు ఏదో అడిగింది. బావ గొంతు ఏదో చెప్పింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. దానికే మాస్టారికి ఎక్కువ భయమేసింది. ఇదే ఆఖరి ఆదివారం అనుకున్నాడు. తన బట్టల సంచీ మోసుకుంటూ మొదటిసారి ఈ తెర దాటించిన చెయ్యే ఇప్పుడు బయటికి పొమ్మని చూపిస్తుందనుకున్నాడు. లేచి, బల్ల మీది సామాను పోగెయ్యబోయాడు.

"కూర్చోండి మాస్టారూ" అంది సిస్టర్ మెల్లగా. "నేనెక్కడికీ వెళ్ళను."

బావ తిరిగొచ్చాడు. కూర్చోలేదు.

"వయ్యారయ్యని కథలో పెట్టిందెవర్రా?"

"నేనే."

"ఆ గొంతు?"

"నేనే బావా."

"నేనడిగానా?"

"లేదు."

"మరి ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చోబెట్టి నా చేత నిన్నే ఎగతాళి చేయించావు. మీ అక్క లోపల వింటూ నవ్వేది. ఇప్పుడు గోడకి తలానించి కూర్చుంది. మేం నీకేం అపకారం చేశాంరా?"

అరుస్తాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు, ఛీ పొమ్మంటాడనుకున్నాడు. వాటన్నిటికీ జవాబులు ఏళ్ళుగా తయారుచేసుకుని ఉన్నాడు. ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు.

"భయమేసింది బావా."

"నేనంటేనా?"

మాస్టారు తలొంచుకున్నాడు. అది నిజమే. తలెత్తి బావ మొహం చూసి మళ్ళీ దించుకున్నాడు. చొక్కా సంగతి విన్నప్పుడు కూడా ఆ మొహం అంత చిన్నబోలేదు.

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అబద్ధమెందుకు, నాకిది కొరుకుడుపడటం లేదు. ఎప్పటికి పడుతుందో కూడా తెలీదు" అన్నాడు. తర్వాత బల్ల మీదనుంచి పాచిక అందుకున్నాడు. "గొడ్డలయ్య ఆ జైలు తలుపు బద్దలుకొడుతున్నాడు."

పాచిక దొర్లి సుద్దగీతల మధ్య ఆగింది. తక్కువ పడింది. తలుపు ఊడలేదు. బావ మళ్ళీ పాచిక తీశాడు.

"ఒకసారే వెయ్యాలి కదండీ" అన్నాడు మందుల షాపాయన, అలవాటు కొద్దీ.

"నువ్వు నోర్మూసుకోవయ్యా" అన్నాడు బావ. అయినా పాచిక కింద పెట్టేశాడు. నియమం నియమమే. "సరే. గొడ్డలయ్య ఎక్కడికీ పోడు. ఆ తలుపు బయటే కూర్చుంటాడు, అది తెరుచుకునేదాకా." మాస్టారి వైపు తిరిగాడు. "లోపలున్నవాడు ఏమంటున్నాడు?"

మాస్టారు గొంతు మార్చలేదు.

"ఏమీ అనడం లేదు బావా. ఏడుస్తున్నాడు."