గంజులో కూర్చుని గట్టెక్కాను

నాలుగేళ్ల క్రితం మంథని దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊరి బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఒకరోజు పాత వరదల పాఠం చెబుతూ, బడిలో మధ్యాహ్న భోజనం వండే రాజవ్వను పిలిచి తను చూసినవి పిల్లలకు చెప్పమన్నాను.

"నేను మూడు పెద్ద వరదలు చూసిన, బిడ్డా! మూడుసార్లూ ముందుగాల మన వాగే ఎనుకకు పారింది. గోదావరి నిండితే వాగును ఊళ్లెకే తోస్తది" అంటూ కిటికీలోంచి చూసి ఆగిపోయింది. "సారూ, గిప్పుడు గూడ గట్లనే పారుతుంది!"

బయట ఎండ కాస్తోంది. అయినా ఆమె మాట నమ్మి పిల్లలందరినీ గుట్ట మీదికి చేర్చాం. హాజరు పట్టీ మరిచిపోయానని నేనొక్కణ్ణే వెనక్కి వెళ్లాను. అది తీసుకునేసరికి నీళ్లు నడుము దాకా వచ్చాయి. నాకు ఈత రాదు. కిటికీ ఊచలు పట్టుకుని కేకలు పెట్టాను. చూస్తుండగానే నీళ్లు ఛాతీ దాకా ఎక్కాయి.

అరవై ఏళ్ల రాజవ్వ, అన్నం వండే పెద్ద గంజును నెట్టుకుంటూ ఈదుకొచ్చింది.

"ఎక్కుండ్రి సారూ, ఫికర్ చెయ్యకుండ్రి. వందమంది బువ్వ మోసే గంజు, మిమ్మల్ని మొయ్యదా?"

పట్టీని నెత్తి మీద పెట్టుకుని గంజులో ముడుచుకుని కూర్చున్నాను. "సారు గంజుల వస్తుండు!" అని గుట్ట మీద పిల్లలు ఒకటే చప్పట్లు. తీరా దిగి చూస్తే నేను తెచ్చింది పోయినేడాది పట్టీ!

ఆ వరదలో మా పిల్లలెవరికీ ఏమీ కాలేదు. మరుసటి వేసవిలో కరీంనగర్‌లో ఏడేళ్ల పిల్లల పక్కన నిలబడి ఈత నేర్చుకున్నాను. కొంచెం కూడా సిగ్గనిపించలేదు.